రోడ్డు మీద ‘అరవ్’ అని రాసి ఉంది

మా అమ్మాయి వాళ్ళు ఉండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. మే నెలాఖరున మనవడికి వారం రోజులు బడి సెలవులు వచ్చాయి. కారులో వేల్స్ దాకా వెళ్ళొద్దాం మామయ్యగారూ అన్నాడు అల్లుడు. కోటలు, సముద్రం, కొండలు అంటూ ఫోన్‌లో ఏవేవో చూపించాడు. నేను అడిగింది ఒక్కటే: “దారిలో స్విండన్ తగులుతుందా?”

ముప్పై నాలుగేళ్ళు రోడ్ల పని చేసి రిటైరైనవాడిని. ఏ ఊరు వెళ్ళినా గుడి కంటే ముందు నాకు బోర్డు కనబడుతుంది. బాణం ఎటు చూపిస్తోంది, గీత ఎక్కడ చెరిగింది, స్తంభం ఎవరు గుద్దారు. “ఈయనతో కాశీ వెళ్తే గంగ చూడలేదు, ఘాట్ పేరు రాసిన బోర్డులో తప్పు చూశారు” అని మా ఆవిడ అందరికీ చెబుతుంది. అబద్ధం కాదు.

తిరిగొచ్చి రెండు వారాలు కాలేదు. ఇంకా కళ్ళముందు ఉండగానే రాస్తున్నాను. కోటల సంగతి ఇందులో ఉండదు.

మే 27, 2024, సోమవారం: స్విండన్

ఎం4 అనే పెద్ద రహదారి దిగి ఊళ్ళోకి వస్తుంటే గోధుమరంగు బోర్డు మీద ఫుట్‌బాల్ బొమ్మ. స్టేడియానికి దారి అని అర్థం. వెనకసీట్లోంచి మనవడు “ఆ బంతి తప్పు తాతయ్యా” అన్నాడు. వాళ్ళ లెక్కల టీచర్ చెప్పిందట. అసలు ఫుట్‌బాల్ మీద 20 షడ్భుజాలు, 12 పంచభుజాలు ఉంటాయి. బోర్డు మీద అన్నీ షడ్భుజాలే. షడ్భుజాలు ఎన్ని కలిపి కుట్టినా తేనెపట్టులా పరుచుకుంటాయి తప్ప బంతి అవవు. 2017లో మ్యాట్ పార్కర్ అనే లెక్కల ఆయన ఈ బొమ్మ మార్చాలని పిటిషన్ పెడితే 20 వేలమందికి పైగా సంతకాలు చేశారు. ప్రభుత్వం కుదరదంది. సరైన బంతి వేస్తే డ్రైవర్లు దాన్నే చూస్తూ రోడ్డు మీంచి కళ్ళు తిప్పుకుంటారని జవాబు. నేనే ఆ సీట్లో ఉన్నా అదే జవాబు రాసేవాణ్ణి. కానీ ఆ మాట మనవడితో అనలేదు.

స్టేడియం పక్కనే నేను చూడాలనుకున్నది ఉంది. మ్యాజిక్ రౌండబౌట్. రౌండబౌట్ అంటే బండ్లు చుట్టూ తిరిగి వెళ్ళే గుండ్రటి కూడలి. దీన్ని 1972లో కట్టారు. గీసినవాడు ఫ్రాంక్ బ్లాక్‌మోర్, అక్కడి రోడ్డు పరిశోధన సంస్థ ఇంజినీరు. ఐదు రోడ్లు కలిసేచోట ఐదు చిన్న రౌండబౌట్లు, వాటన్నిటి నడుమ ఇంకొకటి. చిన్నవాటి చుట్టూ బండ్లు గడియారం ముల్లులా తిరుగుతాయి. నడుమ దాని చుట్టూ మాత్రం ఎదురు తిరుగుతాయి. అంటే ఐదు ప్రదక్షిణాలు, ఒక అప్రదక్షిణం.

దగ్గరకు రాగానే దాని పటం వేసిన పెద్ద బోర్డు. అల్లుడు తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో బండి నడుపుతున్నాడు, ఈ కూడలికి మాత్రం ఎప్పుడూ రాలేదట. బోర్డు చూసి బ్రేక్ మీద కాలేశాడు. వెనక ఒక వ్యాన్ ఆగింది. హారన్ కొట్టలేదు, ఆగింది అంతే. అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

అప్పుడు మా ఆవిడ వెనకనించి “మెలికల ముగ్గే కదా బాబూ” అంది. “చుక్క చుట్టూ తిరిగి పక్క చుక్కకి పోవడమే. ముగ్గంతా ఒకేసారి చూస్తే చెయ్యి ఆగిపోతుంది.”

అలాగే పోయాడు. బయటపడ్డాడు. మనవడు గోల చేస్తే ఇంకో రెండుసార్లు తిప్పాడు. మూడోసారి ఒంటిచేత్తో నడిపాడు.

తరవాత నేనొక్కడినే పేవ్‌మెంట్ మీద అరగంట నిలబడి చూశాను. ఎక్కడా ఒక్క బండి కూడా వేగంగా లేదు, ఒక్కటి కూడా పూర్తిగా ఆగలేదు. కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఒకరు నా పక్కన ఆగి “కుడివైపు చూడు, మిగతాది మర్చిపో” అన్నారు. మా ఆవిడ చెప్పిందే, ముగ్గు లేకుండా. రౌండబౌట్‌లోకి వచ్చేవాడు కుడినించి వచ్చేవాడికి దారివ్వాలన్న నియమం ఈ దేశంలో 1966లో వచ్చింది. ఆ ఒక్క నియమం మీదే ఈ ముగ్గంతా నిలబడింది. మొదట్లో ఈ చిన్న రౌండబౌట్లు పక్కాగా గీయలేదట. జరుపుతూ సరిచూసుకుంటూ, ఒక్కోదాని దగ్గర ఒక్కో పోలీసుని నిలబెట్టి, కుదిరాకే ఖాయం చేశారట. అలా ప్రయోగం చేసి చూసుకునే అవకాశం నా ఉద్యోగంలో నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఈర్ష్య వేసింది.

వంగి అంచున ఉన్న తెల్లగీతని వేలితో రుద్దాను. గీత వేసిన థర్మోప్లాస్టిక్ రంగులో గాజుపూసలు గరగరలాడాయి. బండి చక్రం ఎక్కేచోట మాత్రం గీత బాగా అరిగిపోయింది. ఇలాంటి కూడలిలో గీతే దిక్కు. ఇంకో ఏడాది ఆలస్యం చేస్తే ఇది ముగ్గు కాదు, ఉత్త వాకిలి.

మధ్యాహ్నం కార్ పార్కులో డిక్కీ తెరిచి పులిహోర, పెరుగన్నం తిన్నాం. అమ్మాయి ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ తింది. పార్కింగ్ రెండు పౌండ్లు చిల్లర. భోజనం ఖర్చు లేదు.

మే 28, మంగళవారం: క్లీవ్‌డన్

బ్రిస్టల్ దాటాక సముద్రం ఒడ్డున చిన్న ఊరు. 1869లో తెరిచిన పియర్ (సముద్రంలోకి కట్టిన నడక వంతెన) ఒకటి సన్నటి కాళ్ళ మీద నీళ్ళలోకి వెళ్తుంది. కాళ్ళు అంత పొడవెందుకంటే ఇక్కడ ఆటుపోట్ల తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. నీళ్ళు చూడగానే మా ఆవిడ “అచ్చం వరద గోదావరి” అంది. నిజంగానే అదే రంగు. సెవెర్న్ నది తెచ్చే బురద.

నేను వచ్చింది పియర్ కోసం కాదు, దాని పక్క రోడ్డు కోసం. 2023లో ఈ ఊరి బీచ్ రోడ్డు మీద అంచుగీతలు వంకర్లు తిప్పి వేశారు. పేపర్లలో, టీవీల్లో దేశమంతా చూసింది. బండ్లు నెమ్మదిస్తాయని ఆలోచన. ఇంకో వీధితో కలిపి మొత్తం మార్పులకి 15 లక్షల పౌండ్ల దాకా అయిందని పేపర్లు రాశాయి. ఊరివాళ్ళు ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కారు.

చూశాను. రోడ్డు తిన్నగా ఉంది, గీత పాములా పోతోంది. ఎవరో పెయింటర్ చెయ్యి వణికి వేసింది కాదది. వంపు వంపుకీ దూరం సమానం, వెడల్పు సమానం. తిన్నటి గీత వేయడం ఎవరికైనా వస్తుంది, ఇలాంటిది వేయాలంటే ముందు సుద్దతో గుర్తులు పెట్టుకుని, తాడు పట్టుకుని, ఓపిగ్గా చేయాలి. వేసినవాడికి దండం పెట్టాలనిపించింది. తప్పు చేతిది కాదు, డ్రాయింగుది. అలాంటి డ్రాయింగు మీద కింద నలుగురైదుగురు సంతకాలు పెట్టి ఉంటారు. సంతకం పెట్టేటప్పుడు ఒక్కరూ ఈ బెంచీ మీద కూర్చుని చూసి ఉండరు.

ఆ బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మేం కాగితం పొట్లాల్లో ఫిష్ అండ్ చిప్స్ (వేయించిన చేప, బంగాళదుంప ముక్కలు) తెచ్చుకుని పక్కన కూర్చున్నాం. పొట్లం పదకొండు పౌండ్లు. మా ఆవిడ చేప తినదు. చిప్స్ మీద సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఆవకాయ వేసుకుంది. పెద్దావిడ దాన్నే చూస్తోంది. ఇవ్వమంటావా అన్నట్టు మా ఆవిడ డబ్బా చాపింది. ఒక చిప్ అంచుకి అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ “లవ్లీ” అంది. ఈ దేశంలో ఆ మాటకి చాలా అర్థాలున్నాయి.

గీతల సంగతి అడిగాను. “మొదటిరోజు చూసి తాగి గీశారేమో అనుకున్నాం” అంది. “బండ్లు నెమ్మదించాయా?” అన్నాను. “ఆ, ఫొటోలు తీసుకోవడానికి” అంది. మళ్ళీ తిన్నగా చేస్తారని అనుకుంటున్నారట. వేయడానికి ఒక ఖర్చు, తీయడానికి ఒక ఖర్చు. ఈ ఒక్క విషయంలో నాకు సొంత ఊళ్ళో ఉన్నట్టే అనిపించింది.

అదే రాత్రి: న్యూపోర్ట్ అవతల ఎక్కడో

సెవెర్న్ మీద పెద్ద వంతెన దాటితే వేల్స్. ఒకప్పుడు వేల్స్‌లోకి వెళ్ళేవాళ్ళ దగ్గరే టోల్ తీసుకునేవారు, బయటికి వచ్చేవాళ్ళకి ఉచితం. 2018 డిసెంబర్‌లో టోల్ ఎత్తేశారు. సరిహద్దులో ‘క్రోయ్‌సో ఇ గమ్రి’ అని బోర్డు. వేల్స్‌కి స్వాగతం. దేశం పేరు వాళ్ళ భాషలో ‘కమ్రి’ కదా, ఇక్కడ ‘గమ్రి’ ఎందుకైంది అని అడిగాను. ముందున్న మాటని బట్టి క కాస్తా గ అవుతుందట. మనవడు ఫోన్‌లో చదివి చెప్పాడు. అరే, ఇది మన సరళాదేశం! ఐదు వేల మైళ్ళు వచ్చి సంధి చూశాను. ఆ సంతోషంలో తరవాత వచ్చిన బోర్డు నేను కూడా సరిగ్గా చూడలేదు.

రాత్రి పనుల కోసం రోడ్డు మూశారు. పసుపు అట్ట మీద నల్ల త్రికోణం. అంటే, ఈ త్రికోణం ఉన్న బోర్డులు ఎటు చూపిస్తే అటు వెళ్ళండి, మళ్ళీ పెద్ద రోడ్డు మీదికి చేరతారు అని అర్థం. ఒక్కో మళ్ళింపుకి ఒక్కో గుర్తు: త్రికోణం, చతురస్రం, వృత్తం, డైమండ్. మంచి ఏర్పాటు. తొమ్మిదేళ్ళ అల్లుడికి దీని సంగతే తెలియదు. “అవి ఏవో సర్వే గుర్తులనుకున్నాను” అన్నాడు.

మూడు కూడళ్ళు త్రికోణాన్ని పట్టుకుని పోయాం. నాలుగో రౌండబౌట్ దగ్గర త్రికోణం లేదు. చుట్టూ ఒకసారి తిరిగాం. రెండోసారి తిరిగాం. లేదు. ఇక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. తప్పు బోర్డు ఉంటే జనం నవ్వుతారు, ఫొటో తీస్తారు, వారంలో తీసేస్తారు. లేని బోర్డుని ఎవరు ఫొటో తీస్తారు? దారి తెలిసినవాడికి అది లేదన్న సంగతే తెలియదు. దారి తెలియనివాడు ఎటో పోయి ఉంటాడు, ఫిర్యాదు చేయడానికి మళ్ళీ అక్కడికి రాడు.

మేమూ ఎటో పోయాం. రెండుపక్కలా కంచె మొక్కలు ఇంత ఎత్తు, నడుమ ఒక్క కారు పట్టే సందు. సందు మొదట్లో తెల్లటి గుండ్రటి పలక మీద ఏటవాలుగా నల్లగీత. మన కంటికి ‘ఏదో అయిపోయింది’ అన్నట్టుంటుంది. ఇక్కడ దాని అర్థం జాతీయ వేగ పరిమితి. ఇలాంటి రోడ్డు మీద గంటకి 60 మైళ్ళు, దగ్గర దగ్గర 97 కిలోమీటర్లు! ఎదురుగా మేక వస్తే తప్పుకోవడానికి చోటు లేని సందులో చట్టం 60 మైళ్ళు పొమ్మంటోంది. మా ఆవిడ ఆంజనేయ దండకం మొదలుపెట్టింది.

మేక రాలేదు, ట్రాక్టర్ వచ్చింది. రైతు దిగి, మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండానే తన ట్రాక్టర్‌ని వెనక్కి నడిపి గేటు దగ్గర కాస్త చోటు చేశాడు. అద్దం దించి ఆ పలక సంగతి అడిగాను. “అది పరిమితి. లక్ష్యం కాదు” అన్నాడు నవ్వి. దారి చెప్పేటప్పుడు ఒక్క బోర్డు పేరు కూడా ఎత్తలేదు. చర్చి, తరవాత మూతపడ్డ పబ్, తరవాత ఎర్ర తలుపు ఇల్లు. మనూళ్ళో రావిచెట్టు, రైసుమిల్లు అన్నట్టే. చీకట్లో ఎర్ర తలుపు కనబడలేదు కానీ, పబ్ కనబడింది.

పెద్ద రోడ్డెక్కాక కారు దీపాల వెలుగులో పిల్లికళ్ళు, అంటే రోడ్డులో పాతిన రిఫ్లెక్టర్లు, వరసగా మెరిశాయి. 1934లో పెర్సీ షా అనే ఆయన కనిపెట్టినవి. ఎడమ అంచుకి ఎరుపు, వరసల మధ్య తెలుపు, కుడి అంచుకి పసుపు, పక్కకి దిగే దారి దగ్గర ఆకుపచ్చ. ఒక్క అక్షరం లేకుండా ఎక్కడున్నామో చెప్పేస్తాయి. ఆ రాత్రి వాటిని చూస్తే ప్రాణం లేచొచ్చింది.

మే 29, బుధవారం: కార్డిఫ్

పొద్దున్నే మనవడు కిటికీలోంచి రోడ్డు చూపించి “తాతయ్యా, ఏమని రాసుందో చదువు” అన్నాడు. నల్లటి తారు మీద తెల్లటి పెద్ద అక్షరాలు, ఎ ఆర్ ఎ ఎఫ్. దాని కింద ఇంగ్లీషులో స్లో. అరాఫ్ అన్నాను. కాదట. వేల్స్ భాష వెల్ష్‌లో ఒంటి ఎఫ్‌ని వ అని పలకాలట. అరవ్! ఊరంతా రోడ్ల మీద ‘అరవ్, అరవ్’ అని రాసి పెట్టుకుని, ఒక్కడూ హారన్ కొట్టడు. మన ‘నిదానమే ప్రధానము’కి ఇక్కడ నాలుగక్షరాలు సరిపోయాయి.

వేల్స్‌లో బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. 2016 నుంచి కొత్తవాటిలో వెల్ష్ ముందు, ఇంగ్లీషు తరవాత. రెండు భాషలంటే తప్పుకి రెండు తలుపులు. 2006లో ఈ కార్డిఫ్‌లోనే రోడ్డు దాటేవాళ్ళ కోసం పెట్టిన బోర్డులో ఇంగ్లీషు కుడివైపు చూడమంది, వెల్ష్ ఎడమవైపు చూడమంది. ఇంగ్లీషు వచ్చినవాడు బతికిపోతాడు. రెండూ వచ్చినవాడు మాత్రం అక్కడే నిలబడిపోతాడు. అదే ఏడాది కార్డిఫ్‌కీ పెనార్త్‌కీ మధ్య సైకిళ్ళు దిగి నడవమని చెప్పే బోర్డు పెట్టారు. దాని వెల్ష్‌కి అర్థం ఇంచుమించు ‘మూత్రాశయం వాపు తిరగబడింది’ అని. ఇంగ్లీషులో సైకిల్ తొక్కేవాడి మాటకీ ఆ జబ్బు మాటకీ నాలుగక్షరాలే తేడా, ఆన్‌లైన్ అనువాదంలో ఒకటి ఇంకోటైందని అప్పట్లో అనుకున్నారు. ఇది చెబితే అమ్మాయి “నాన్నా, తింటున్నాం” అంది.

తింటున్నది కూడా చెప్పుకోవాలి. ఇక్కడ కూర ఆర్డర్ చేస్తే ‘హాఫ్ అండ్ హాఫా?’ అని అడుగుతారు. సగం అన్నం, సగం చిప్స్, పైన చికెన్ కర్రీ. అన్నం కావాలా చిప్స్ కావాలా అని తేల్చుకోలేని దేశం మొత్తానికి ఒక పరిష్కారం కనిపెట్టింది. ప్లేటు తొమ్మిది పౌండ్లు. కూర తియ్యగా ఉంది. ఆవకాయ డబ్బా మళ్ళీ బయటికొచ్చింది.

మధ్యాహ్నం స్ప్లాట్ అనే పేట దగ్గర రౌండబౌట్‌కి వెళ్ళాం. దీన్ని కూడా ఊరివాళ్ళు మ్యాజిక్ రౌండబౌట్ అనే అంటారు, కారణం వేరు. 1992లో పియెర్ వీవాన్ అనే శిల్పి రోడ్డు బోర్డులతోనే శిల్పాలు చేసి ఇక్కడ నిలబెట్టాడు. బోర్డులన్నీ అంటించి గోళంలా, ఘనంలా రకరకాల ఆకారాలు. అన్ని బాణాలూ అన్ని వైపులకీ చూపిస్తుంటాయి. ఎవరూ తప్పిపోరు, ఎందుకంటే ఎవరూ వాటిని నమ్మరు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకొచ్చిన పీడకలలన్నిటినీ ఎవరో పోత పోసినట్టుంది. మనవడు వాటిలో పిల్లల బొమ్మ వెతుకుతుంటే కథ చెప్పాను. 1960లలో ఈ దేశపు బోర్డులన్నీ జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అని ఇద్దరు కొత్తగా గీశారు. బడి దగ్గర ఉండే బొమ్మలో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే ఆడపిల్ల చిన్నప్పటి కాల్వర్టే. ఆవు బొమ్మకి మోడల్ వాళ్ళ బంధువుల పొలంలోని నిజమైన ఆవు, దాని పేరు పేషెన్స్. ఓర్పు! రోడ్డు మీద ఆవుకి ఇంతకంటే మంచి పేరు ఏముంటుంది.

సాయంత్రం అల్లుడికి ఇంకో పరీక్ష. 2023 సెప్టెంబర్ 17 నుంచి వేల్స్‌లో ఇళ్ళ మధ్య రోడ్ల మీద వేగం 30 మైళ్ళ నుంచి 20కి దించారు. వద్దని పెట్టిన పిటిషన్‌కి నాలుగు లక్షల అరవై వేలు దాటి సంతకాలొచ్చాయి. నాకు 20 మీద కోపం లేదు. ఆ 20 అని మధ్యమధ్యలో గుర్తుచేసే బోర్డు లేకపోవడం మీదే. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, వీధిదీపాలు దగ్గర దగ్గరగా ఉన్నాయంటే అదే బోర్డు. ఇంగ్లండ్‌లోనూ అంతే, దీపాలున్న రోడ్డు మీద 30 అని మళ్ళీ మళ్ళీ రాసి గుర్తు చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఈ సంగతి హోటల్లో కుర్రాడు చెప్పాడు. “దీపాలు చూడండి సార్.” ఇక్కడ పుట్టి పెరిగినవాడికి దీపస్తంభం అంకెలా కనబడుతుంది. మనకి దీపస్తంభంలాగే కనబడుతుంది.

మే 30, గురువారం: స్వాన్సీ

స్వాన్సీ మార్కెట్లో పెనం మీద వేడివేడిగా వెల్ష్ కేకులు కాలుస్తున్నారు. ఎండుద్రాక్ష వేసిన చిన్న బిళ్ళలు, పంచదారలో దొర్లించి ఇస్తారు. మా ఆవిడ నాలుగు తిని “మన తీపి గవ్వలకి చెల్లెలు” అని తీర్పు ఇచ్చింది. పక్క కొట్లో లేవర్‌బ్రెడ్. పేరు బ్రెడ్ కానీ సముద్రపు నాచుని గంటల తరబడి ఉడకబెట్టిన ముద్ద. గోంగూర అనుకుని కొన్నాను. గోంగూర కాదు. ఐదు పౌండ్లు.

అక్కడి నుంచి మోరిస్టన్ వైపు వెళ్ళమన్నాను. 2008లో ఈ ఊళ్ళో ఒక సూపర్‌మార్కెట్ దగ్గర బోర్డు పెట్టారు. ఇంగ్లీషులో: పెద్ద లారీలు రాకూడదు, ఇది ఇళ్ళ స్థలం. దాన్ని వెల్ష్‌లోకి మార్చమని కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) అనువాద విభాగానికి ఈమెయిల్ పంపారు. వెంటనే జవాబు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద అచ్చు వేసి పాతారు. ఆ జవాబుకి అర్థం: ‘నేను ప్రస్తుతం ఆఫీసులో లేను. అనువదించాల్సిన పని ఉంటే పంపండి.’

బోర్డు ఎప్పుడో తీసేశారు. అయినా ఆ చుట్టుపక్కల ఇరవై నిమిషాలు తిరిగాను. ట్రాలీలు తోసే కుర్రాణ్ణి అడిగితే అప్పటికి తను పుట్టిన కొత్త అన్నాడు. మా వాళ్ళు కారులో కూర్చుని నవ్వుతున్నారు. నాకు మాత్రం అంత నవ్వు రాలేదు. కారణం ఉంది.

1994లో గోదావరి కాలువ గట్టు మీద రోడ్డు పని నా చేతికింద జరిగింది. బోర్డుల కాంట్రాక్టరు వేరే రాష్ట్రంవాడు, అక్షరాలు వేసేవాడికి తెలుగు రాదు. నేను రాసిచ్చిన కాగితం చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. ప-వ ల తేడా తెలుగు రాని చేతికి దొరకదు. ‘ముందు ప్రమాదకరమైన మలువు కలదు.’ మలుపు కాదు, మలువు. నేను చూశాను. బిల్లు మీద సంతకం కూడా పెట్టాను. మార్చి నెలాఖరు, బిల్లు వెనక్కి పంపితే డబ్బు మురిగిపోతుంది. చదివేవాడికి అర్థమవుతుందిలే అనుకున్నాను.

నెల తిరక్కుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. ఆ ఊరి హైస్కూలు తెలుగు పండితులు రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ‘అయ్యా, మలుపులోని పకారానికి వకారం ఆదేశంగా రావడానికి ఇక్కడ ఏ సంధియు లేదు. గసడదవాదేశము రెండు పదముల నడుమ జరుగును గాని కాలువ గట్టు మీద జరగదు. దయచేసి సరిచేయించగలరు.’ చదివి ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. కార్డు మూల ‘చూశాను, ఫైల్’ అని రాసి సంతకం పెట్టాను. బోర్డు మాత్రం మార్చలేదు. చాలా ఏళ్ళకి ఒక ఇసుక లారీ దాన్ని గుద్ది కాలువలో పడేసింది.

స్వాన్సీలో ఆ బోర్డు పాతిన మేస్త్రీకి వెల్ష్ వచ్చో రాదో. నాకు తెలుగు వచ్చు.

తిరుగు దారిలో: పేరు రాయని ఊరు

సాయంత్రం వేల్స్‌లోనే ఇంకో ఊళ్ళో టీకి ఆగాం. ఊళ్ళోంచి బయటపడుతుంటే ఎడమ వరస ఖాళీగా ఉంది, అల్లుడు అందులోకి వెళ్ళాడు. యాభై గజాలు పోయాక రోడ్డు మీద బస్సు అని రాసి ఉండటం కనబడింది. సగం అరిగిపోయింది. తప్పుకునేలోపు స్తంభం మీద కెమెరా దాటిపోయింది. ఏమీ కాదులెండి అన్నాను. అయింది.

జూన్ 7న రెడింగ్ ఇంటికి ఉత్తరం వచ్చింది. బస్సుల వరసలోకి వెళ్ళినందుకు 70 పౌండ్ల జరిమానా. త్వరగా కడితే సగం, 35. ఉత్తరంలో మా కారు ఫొటో చక్కగా ఉంది. అల్లుడు కార్డు తీసి “కట్టేస్తాను మామయ్యగారూ, పోనీండి” అన్నాడు. ఫొటో ఇలా ఇవ్వు అన్నాను.

ఫోన్‌లో పెద్దది చేసి చూశాం. బస్సు వరస ఏ గంట నుంచి ఏ గంట వరకో చెప్పే పలక ఎడమపక్క స్తంభానికి ఉంది. దాని మీదికి చెట్టుకొమ్మ వంగి ఉంది. పలకలో కింది మూల మాత్రం కనబడుతోంది. చలికాలంలో చెట్టుకి ఆకులుండవు, అప్పుడు పెట్టినవాడికి పలక మొత్తం కనబడే ఉంటుంది. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. 20 మైళ్ళ వేగమంటే సెకనుకి తొమ్మిది మీటర్లు. రెండు భాషలు, రోజులు, రెండు పూటల గంటలు. అలవాటు లేనివాడు చదవడానికి నాలుగు సెకన్లు వేసుకున్నా ముప్పై ఆరు మీటర్లు. ఆకులు తీసేసినా చాలదు. ఎలాగూ చేసిన పని కదా అని స్కేలు పెట్టి బొమ్మ కూడా గీశాను. ఉత్తర దిక్కు గుర్తు కూడా వేశాను. అమ్మాయి “అది అక్కర్లేదు నాన్నా” అంది. ఉండనీ అన్నాను.

ముందు కౌన్సిల్‌కే రాయాలి. వాళ్ళు కాదంటే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, దానికి రుసుము లేదు. అమ్మాయి ఇంగ్లీషులో టైప్ చేసింది. నేను ఒక వాక్యం చేర్చమన్నాను: ఈ ఉత్తరం 70 పౌండ్ల కోసం మాత్రమే కాదు, కొమ్మ కొట్టించండి. రాత్రి తొమ్మిదిన్నరకి ఫొటో, బొమ్మ జతచేసి పంపింది.

అర నిమిషంలో జవాబు టింగుమంది. పైన వెల్ష్‌లో నాలుగు లైన్లు, కింద ఇంగ్లీషు. అమ్మాయి కిందికి జరపబోతుంటే మనవడు ఫోన్ లాక్కున్నాడు. వెల్ష్ లైన్ల మీద వేలు పెట్టి ఒక్కో మాటా చూస్తూ అడిగాడు:

“తాతయ్యా, ఆఫీసులో లేమని కాదు కదా?”